పగ తీరిన పిమ్మట



చంపబడిన తనవారి కొరకు పగ తీర్చుకొనుట ధర్మమా? బిడ్డను పోగొట్టుకొన్నవానికి ఇది పుస్తకములోని ప్రశ్న కాదు. "ఊరకుండినయెడల చచ్చినవానికి ద్రోహము చేసినట్లు కాదా?" అని వాని మనస్సే వానిని అడుగును. ఇట్టి ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

దీనిని తూచి చూచుటకు మన తెలుగువారికి పల్నాటి వీరుల కథ చాలును. అది కృష్ణానది కావలి కథ, మనకేమి అని మెట్‌పల్లి చదువరి అనుకొనవద్దు. ఆ కథలో నలగామరాజునకు మంత్రియైన నాయకురాలు నాగమ్మ మన జగిత్యాల జిల్లా పెగడపల్లి మండలములోని ఆరవెల్లిలో పుట్టెనని చెప్పుకొందురు.

అది పండ్రెండవ శతాబ్దము. గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని సవతి తమ్ముడు మలిదేవరాజు. ఇద్దరును ఒక్క తండ్రి బిడ్డలు. మాచర్లవారు కోడిపందెములో ఓడి ఏడేండ్లు దేశము విడిచి యుండిరి. గడువు తీరగానే తమ భాగము తమకిమ్మని అడుగుటకు అలరాజును రాయబారిగా పంపిరి. అతడు నలగామరాజునకు స్వయముగా అల్లుడు. అయినను అతనిని విషము పెట్టి చంపించిరి. రాజు కన్నకూతురు భర్తతో చితి యెక్కెను. ఇక మాటలకు చోటు లేకపోయెను. కారెంపూడి యొద్ద రణరంగమున ఇరుపక్షముల వీరులును కూలిరి. మాచర్ల మంత్రియైన బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు, మీసము రాని పసివాడు, ఇల్లు చేరలేదు.

మరి పగ తీరిన పిమ్మట ఏమి జరిగినది? బ్రహ్మనాయుడు ఆ నలగామరాజునే మరల సింహాసనమున కూర్చుండబెట్టి, తాను గుత్తికొండ బిలమునకు వెళ్లిపోయెనని కథ చెప్పును. చదువరీ, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుము. అన్న గద్దెమీద అన్న ఉండుట, తమ్ముని భాగము తమ్మునికి దక్కుట – అలరాజు అడుగ వచ్చినది ఇంతే కదా! ఆ దినమున దానికి వెల కొంచెము అభిమానము మాత్రమే. యుద్ధము ముగిసిన దినమున శత్రువును మన్నించుటకు బ్రహ్మనాయునికి మనస్సు వచ్చెను గాని, ఆ శాంతిని చూచుటకు కుమారుడు లేడు. బలహీనమైన ఆ సీమలోనికి కొలది కాలములోనే ఓరుగల్లు కాకతీయుల అధికారము వ్యాపించెను.

ఇంకొకటి చూడుము. అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన మహానుభావుడు బ్రహ్మనాయుడు. ఆ కాలమున అదెంత సాహసము! అట్టివాడును ఒక్క తండ్రి బిడ్డలను ఒక్కచోట కూర్చుండబెట్టలేకపోయెను. పగ అంత బలము గలది.

ఆదికాండములో లెమెకు తన పగ డెబ్బది యేడంతలని తన భార్యల యెదుట అతిశయించెను. ఎన్ని మారులు క్షమింపవలెనని పేతురు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే తలక్రిందులు చేసెను. అనగా తప్పును ఒప్పనుమని కాదు. అలరాజును చంపుట నేరమే. దానిని నేరమని పలుకుట, న్యాయమడుగుట మృతునికి మనము చెల్లింపవలసిన ఋణము. అయితే బ్రదికియున్న మరియొక తల్లి కుమారుని తెచ్చి ఆ సమాధిమీద పడవేయుట ఋణము తీర్చుట కాదు. కొత్త అప్పు చేయుట.

మన యిండ్లలో కత్తులు లేకపోవచ్చును. కాని గెట్టు పంచాయితీతో మాటలు మానిన అన్నదమ్ములున్నారు. తండ్రి శవము లేచినప్పుడును ఒకే అరుగుమీద కూర్చుండనివారున్నారు. ఏదో ఒకనాడు వారును రాజీపడుదురు. పడినప్పుడు, పదేండ్ల క్రిందట పెద్దమనుష్యులు చెప్పిన మాటకే ఒప్పుకొందురు.

నేటికిని కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు వీరులను తలంచుకొందురు. అందులో రెండవ దినమునకు రాయబారమని పేరు. చదువరీ, నీ వాకిట ఎవరైన రాయబారి నిలిచియున్నాడా? పొద్దు క్రుంకక మునుపే అతనిని లోనికి పిలిచి, మంచినీళ్లిచ్చి, అతని మాట వినుము.