వినకుండా కొనవచ్చునా?



సంతలో మట్టికుండ కొనేటప్పుడు మన తల్లులు వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు. మొద్దుగా మోగితే పగులున్నదని పక్కన పెడతారు. కొబ్బరికాయనైతే చెవి దగ్గర ఊపి చూస్తారు. కాని వేల రూపాయలు పోసి స్పీకర్లు కొనేటప్పుడు పెట్టె మీద అంకె చదివి, ఫోనులో బొమ్మ చూసి డబ్బు కట్టేస్తాము. వినడానికే పుట్టిన వస్తువును వినకుండానే కొంటాము. ఇది తప్పా? ఈ చిన్న ప్రశ్న వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఇతరుల మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

స్వయంగా పరీక్షించనిదే దేనినీ నమ్మనంటే ఎవరూ బ్రతకలేరు. ఫలానావారు మన తండ్రి అని మనకెలా తెలుసు? తల్లి చెప్పింది, నమ్మాము. నమ్మకం వలన కలిగే ప్రయోజనం గురించి వ్రాసిన గ్రంథంలో పునీత అగుస్తీను వారు చూపిన ఉదాహరణ ఇది. మనిషి తాను రుజువు చేసుకొన్న సత్యాలకంటె ఇతరులను నమ్మి స్వీకరించిన సత్యాలే ఎక్కువని పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1998లో విశ్వాసము, హేతువులను గురించిన విశ్వలేఖలో గుర్తుచేశారు. కనుక వినకుండా కొనడం దానంతట అదే తప్పు కాదు. ఎవరి మాట మీద కొన్నామన్నదే ప్రశ్న.

పెట్టె మీది అంకెనే తీసుకోండి. కొందరు తయారీదారులు ఒక్క క్షణం మాత్రమే నిలిచే శక్తిని పెద్ద అక్షరాలలో వేస్తారు. నిలకడగా ఇచ్చే శక్తి అంతకంటె చాలా తక్కువ. పైగా వాట్లు రెట్టింపయితే ధ్వని రెట్టింపు కాదు, 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలు బిగ్గరగా తోచాలంటే సుమారు 10 రెట్ల శక్తి కావాలి. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు, కాని మన ప్రశ్నకు అది జవాబు కాదు. దేవాలయంలో చివరి బల్ల మీది ముసలమ్మకు సువిశేషం మాట మాటగా వినబడుతుందా అన్నది మన ప్రశ్న.

పోనీ, దుకాణంలో వింటే చాలునా? అదీ చాలదు. సామానుతో నిండిన ఆ చిన్న గది వేరు, ఎత్తైన కప్పు, సిమెంటు గోడలు, రాతి నేల ఉన్న మన దేవాలయం వేరు. ఇక్కడ ధ్వని గోడలకు తగిలి తిరిగివచ్చి మాట మీద మాట పడుతుంది. రెండు స్పీకర్లను పక్కపక్కన మోగిస్తే, కాస్త బిగ్గరగా మోగేదే మేలైనదని చెవి భ్రమపడుతుంది. మన చెవి కూడా మోసపోగలదు.

అందుకే పునీత తోమాసు అక్వీనాసు వారు, తెలిసినవారి వద్ద నేర్చుకొనే వినయాన్ని వివేకంలో ఒక భాగంగా చెప్పారు. మన దేవాలయం వంటిదే ఉన్న పొరుగు విచారణకు వెళ్లండి. పూజవేళ చివరి బల్ల మీద కూర్చొని వినండి. కొన్న తరువాత ఇబ్బందులేమైనా వచ్చాయా అని అక్కడి ఉపదేశిగారిని అడగండి. ఒక్క ఆదివారం మన దేవాలయంలో బిగించి వినిపించమని, నచ్చకపోతే వాపసు తీసుకోమని అమ్మేవారిని అడగండి. సొంత డబ్బయితే నష్టం మనదే. విచారణ డబ్బులో కూలి చేసుకొనే తల్లి వేసిన కానుక ఉంది. పేద విధవరాలి రెండు నాణేలను ప్రభువు ఎంత ఎక్కువగా ఎంచారో మనకు తెలుసు. విచారించగలిగి ఉండి, 'దేవుడే చూసుకుంటాడులే' అని సంతకం చేయడం విశ్వాసం కాదు, అశ్రద్ధ.

'ఫాదర్, దేవుణ్ణి మాత్రం చూడకుండానే నమ్మమంటారేం?' అని యువకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. చూడకుండా విశ్వసించినవారు ధన్యులని ప్రభువు తోమాతో అన్నారు. కాని తోమా విననివాడు కాదు. ప్రభువును చూశామని తోటి శిష్యులు అతనికి చెప్పారు. రుజువు కోరడం కాదు, తనతో కలిసి తిరిగిన ఆ సాక్షుల మాటను లెక్కచేయకపోవడమే అతని లోపం. విశ్వాసం వినడం వలన కలుగుతుందని పునీత పౌలు రోమీయులకు వ్రాశారు. ఆ మాట చెప్పినవారు దానికోసం దెబ్బలు తిన్నారు, చెరసాలలకు వెళ్లారు, ప్రాణాలిచ్చారు. పెట్టె మీది అంకె దేనినీ పణంగా పెట్టలేదు. బాధ్యత వహించే సాక్షిని నమ్మడం విశ్వాసం. ఎవరూ జవాబుదారీ కాని ప్రకటనను నమ్మడం, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్లే.

చివరగా, మన మాట మాటేమిటి? మన మాట నమ్మి పొరుగువాడు వస్తువు కొంటాడు, పిల్లకు సంబంధం కుదుర్చుకుంటాడు. మన పిల్లలైతే మనం చెప్పినదంతా పరీక్షించకుండానే స్వీకరిస్తారు. కనుక ఎవరైనా 'అది ఎలా ఉంది?' అని అడిగితే దాని మంచితోపాటు లోపం కూడా చెబుదాం. మన మాటను ఎవరు తట్టి చూసినా ఖంగుమనాలి.