సెకను సెకనుకూ ఒక స్పందన
అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరుకు జీపీఎస్ రిసీవరును జోడించి, యాంటెన్నాను ఆకాశం నిండుగా కనిపించే చోట నిలిపి, నెట్‌వర్కులోని యంత్రాలన్నింటికీ కాలాన్ని పంచే సర్వరును నిర్మించే సాధకుడికి రిసీవరు రెండు తీగలను అందిస్తుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరమాణు గడియారాలను ధరించి పరిభ్రమించే ఉపగ్రహాల నుంచి గ్రహించిన కాలం, మొదటి తీగ మీద తేదీగా, గంటగా, నిమిషంగా, సెకనుగా అక్షరరూపం దాల్చి వస్తుంది. ఆ సందేశం ముగిసేసరికి, అది ప్రకటించిన క్షణం గతించి సెకనులో పదో వంతో అంతకు మించో గడిచిపోయే ఉంటుంది. పీపీఎస్ అనే రెండో తీగ మీద అక్షరమూ లేదు, అంకె కూడా లేదు. ప్రతి సెకను ఆరంభాన, పది లక్షలవ వంతుకన్నా సూక్ష్మమైన కచ్చితత్వంతో ఒక్క విద్యుత్ స్పందన లేస్తుంది, అంతే. శ్రుతివాక్యానికీ స్వానుభూతికీ గల సంబంధమే ఇక్కడ గోచరిస్తుంది: తత్త్వాన్ని నామరూపాలతో నిర్దేశించే వాక్కు బుద్ధిని చేరేలోగా వర్తమానం జారిపోతుంది, నిర్దేశం లేని అనుభూతి తానేమిటో తానెరుగదు. అందుకే స్పందననే నమ్ముకున్న సర్వరు, సెకను అంచును పట్టుకొని కూడా సంవత్సరాన్నే తప్పు చెప్పగలదు.

ఇంతకన్నా గహనమైనది గడియారం లొంగే తీరు. కంప్యూటరు గడియారాన్ని నడిపే స్ఫటికం స్వభావరీత్యా చంచలం; వేడికీ చలికీ గతి మార్చుకొంటూ, పది లక్షల్లో ఇరవై పాళ్లు తప్పినా రోజుకు 1.7 సెకన్లు దారి తప్పుతుంది. క్రోనీ అనే ప్రోగ్రాం ఆ స్ఫటికాన్ని మార్చదు, దండించదు. దాని దోషాన్ని స్పందన సన్నిధిలో కొలిచి, డ్రిఫ్ట్ ఫైలులో లిఖించి, వేగాన్ని లేశమాత్రంగా పెంచుతూ తగ్గిస్తూ సత్యం వైపు మళ్లిస్తుంది. ప్రకృతిని బలాత్కారంగా అణచబోయి భంగపడే సాధకులెందరో. స్వభావాన్ని సాక్షిగా చూసి, దాని వంపును ఎరిగి నడుచుకోవడమే అభ్యాసమని ఈ చిన్న యంత్రం తెలియజేస్తోంది. అలా ఎరిగినందువల్లనే యాంటెన్నా ఊడి సంకేతం ఆగినా, గడియారం కొంతకాలం తన తప్పును తానే దిద్దుకొంటూ నడవగలదు.

ఇలా దిద్దుకొన్న కాలాన్ని నెట్‌వర్కులో పంచేందుకు డేవిడ్ మిల్స్ రూపొందించగా 1985లో వెలువడిన ఎన్‌టీపీ విధానంలో మూలగడియారానిది సున్నా స్థానం. దాని సన్నిధిలో నేరుగా నిలిచిన సర్వరు కూడా ఒకటో స్థానమే చెప్పుకొంటుంది, దాన్ని ఆశ్రయించినది రెండు, ఆపైన మూడు. గురుపరంపరలో ఈ వినయం సహజమే. అడిగినవారికి కాలం చెప్పే ప్రతిసారీ, అందులో ఎంత దోషం ఉండవచ్చునో కూడా సర్వరు జతచేసి పంపుతుంది. ఆకాశ సంకేతం అందని వేళ ఆ అంకె క్షణక్షణమూ పెరుగుతుంది, పెరిగినదాన్ని పెరిగినట్టే పంపుతుంది.