బట్టల దగ్గర నిలబడినవాడు



డార్విన్ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలూ వైమానిక దళం విమానాలూ దిగేది ఒకే రన్‌వే మీద. పిల్లలతో సెలవులకు వెళ్ళిన మనం దిగే చోటే అమెరికా సైనిక విమానమూ దిగవచ్చు.

అయితే పరదేశపు సైనిక విమానం తనంతట తాను వచ్చి దిగడానికి వీల్లేదు. 1944 నాటి షికాగో ఒప్పందం 3వ అధికరణం ప్రకారం దిగే దేశం అనుమతి ఇవ్వాలి. అంటే ప్రతి రాక వెనుకా ఒక ప్రభుత్వం చెప్పిన "సరే" ఉంటుంది. ఆ తర్వాత ఆ విమానం చేసే పనిలో, సరే అన్నవారికి పాలు ఉందా?

లేదనడం తేలిక. మనం చోటిచ్చాం, ఇంధనం పోశాం, అంతే కదా! కాని అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయం తెరిచి చూడండి. స్తెఫను మీద సౌలు ఒక్క రాయి విసిరినట్టు కూడా అక్కడ లేదు. రాళ్ళు విసిరేవాళ్ళ పైబట్టలు అతని పాదాల దగ్గర పెట్టారు, అంతే. అయినా లూకా ఆ సంగతి వదిలిపెట్టలేదు. ఆ చావు సౌలుకు సమ్మతమేనని కూడా రాశాడు.

చోటివ్వడమే తప్పని నేననను. 2004 సునామీ తర్వాత ఆస్ట్రేలియా హెర్క్యులిస్ విమానాలు సహాయ సామగ్రితో సుమత్రాలో దిగాయి. ఇండోనేషియా రానిచ్చింది, విదేశీ సైనికులు ఎన్నాళ్ళు ఉండవచ్చో కూడా చెప్పింది. 1991 గల్ఫ్ యుద్ధంలో ఫిలిప్పీన్స్ వైపు నుంచి వెళ్ళే అమెరికా సైనిక విమానాలు బొంబాయి, ఆగ్రా, మద్రాసుల్లో ఇంధనం నింపుకోవడానికి చంద్రశేఖర్ ప్రభుత్వం ఒప్పుకుంది. కువైట్‌ను విడిపించే యుద్ధం అది. అక్కడ బతుకుదెరువు పోగొట్టుకుని తిరిగొచ్చినవారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ "సరే" న్యాయమేనని వాదించవచ్చు. కాని ప్రజలకు చెప్పి ఇచ్చింది కాదది. సంగతి బయటపడి గొడవయ్యాక ఫిబ్రవరిలో ఆపేశారు. న్యాయమైనదే అయితే ముందే చెప్పి ఉండవచ్చు కదా.

1981 మార్చిలో ప్రధాని మాల్కం ఫ్రేజర్ ఇక్కడ అలా దాచలేదు. బీ-52 విమానాలు డార్విన్ మీదుగా వెళ్తాయనీ, వాటిలో ఆయుధాలు, బాంబులు ఉండవనీ పార్లమెంటుకే చెప్పారు. 2023 ఫిబ్రవరిలో సెనేట్ కమిటీలో మళ్ళీ బీ-52ల ప్రస్తావన వచ్చింది. వాటిలో అణ్వాయుధాలు ఉన్నదీ లేనిదీ అమెరికా చెప్పదని, ఆ విధానాన్ని తాము అర్థం చేసుకుని గౌరవిస్తామని ప్రభుత్వం జవాబిచ్చింది.

నాకు గుచ్చుకునేది ఇదే. ఊరు నుంచి వస్తూ ఎవరో వాళ్ళబ్బాయికి ఇమ్మన్న పచ్చడి సీసాని కూడా మనం మూత తీసి చూస్తాం. ఎందుకంటే మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో దిగగానే కార్డు మీద సంతకం పెట్టేది మనం. "పక్కింటి ఆంటీ సర్దింది, లోపలేముందో నాకు తెలియదు" అంటే అధికారి ఊరుకోడు. ఒక పచ్చడి సీసాకు ఉన్న నియమం బాంబర్‌కు లేదా?

దేశ రక్షణలో కొన్ని రహస్యాలు తప్పవని, రోమా 13 ప్రకారం అధికారులకు లోబడాలని కొందరు సహోదరులు అంటారు. నిజమే, శత్రువుకు అన్నీ చెప్పనక్కర్లేదు. కాని ప్రజలకు చెప్పకపోవడం వేరు, ఇల్లిచ్చినవాడు అసలు అడగకపోవడం వేరు. అడగకుండా ఉంటే తెలియకుండా ఉండవచ్చు. తెలియకపోతే నిర్దోషినని అనుకోవచ్చు. ఆ సౌకర్యం కోసమే అడగడం లేదేమో అని నా అనుమానం.

మనలో చాలామంది ఇక్కడ పౌరసత్వం తీసుకున్నాం. ఓటు వేయకపోతే జరిమానా కట్టే దేశం ఇది. ఆ "సరే" మన పేరున కూడా వెళ్తుంది. ఆదివారం అధికారుల కొరకు ప్రార్థించే మనం, మన ఎంపీకి ఈ ఒక్క ప్రశ్న రాయలేమా?

సౌలు పౌలయ్యాక, ఎన్నో ఏళ్ళు గడిచాక, యెరూషలేములో జనం ముందు తన సాక్ష్యం చెప్పాడు. ఆ బట్టల సంగతి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? ఎవరూ అడగలేదు కూడా. 22వ అధ్యాయం చదవండి, తానే చెప్పుకున్నాడు.