సున్నా ఫీజు వెనుక లెక్క

మన గూడేల్లో, తండాల్లో ఎవరికైనా ప్రైవేటు ఇంజనీరింగ్ సీటు వస్తే ముందుగా వినిపించే మాట "ఫీజు లేదట, గవర్నమెంటే కడుతుందట" అని. ఆ మాట అబద్ధం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే మాలో చాలామందిమి ఆ కాలేజీ గేటు కూడా చూసేవాళ్ళం కాదు. అయితే అది సగం నిజమే. మిగతా సగం ఎవరు కడుతున్నారన్నదే మా ప్రశ్న.

ఒక లెక్క వేసి చూద్దాం. హాస్టలుకు, మెస్సుకు నెలకు 7 వేలనుకుంటే పది నెలలకు 70 వేలు. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ఊరికి రాకపోకలు కలిపి ఏడాదికి మరో 20 వేలు. నాలుగేళ్ళకు 3 లక్షల 60 వేలు. ల్యాప్‌టాప్‌కు 40 వేలు కలిపితే 4 లక్షలు. ఇది ఫీజు ఒక్క రూపాయి కట్టకుండానే అయ్యే ఖర్చు. స్కాలర్‌షిప్పు ఇందులో కొంతే తీరుస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటైతే రీయింబర్స్‌మెంటే రాదు. ప్రభుత్వం బకాయి పడిందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే అప్పు తెచ్చి విడిపించుకోవాల్సింది మన ఇల్లే.

డబ్బు వచ్చే కాలం వేరు, కాలేజీ అడిగే కాలం వేరు. తునికాకు డబ్బు ఎండాకాలంలో, పత్తి డబ్బు దసరా దాటాక వస్తాయి. కాలేజీ అడిగేది వానాకాలంలో, విత్తనాలకే చేతిలో పైసా లేనప్పుడు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అది మనకు రక్షణ. భూమిని గిరిజనేతరులకు అమ్మలేం కాబట్టి, పండబోయే పంటను ముందుగానే షావుకారుకు ఒప్పుకుంటాం.

ఇంతకంటే కనబడని ఖర్చు ఒకటుంది. అన్న కాలేజీలో చేరిన ఏడాదే చెల్లెలు ఇంటర్ మానేసి కూలికి పోతుంది. ఏ రసీదులోనూ ఆమె పేరు ఉండదు. ఒక బిడ్డ చదువుకు ఇంకో బిడ్డ చదువు ధర కావడం న్యాయమేనా?

ఇంట్లోవాళ్ళ మధ్య లెక్కలేమిటని పెద్దలు అంటారు. ఆ మాటలోని ప్రేమను మేమూ గౌరవిస్తాం. కానీ లెక్క చెప్పని ఇంట్లో భారం ఎప్పుడూ అమ్మ మీదికి, ఆడపిల్ల మీదికి పోతోంది. అడగకుండా తీసుకున్నదాన్ని త్యాగమని ఎలా అంటాం?

అలాగని చదువుకునే పిల్లవాడు తప్పు చేసినట్టు తలదించుకోనక్కర్లేదు. సకాలంలో రాని ఫీజు ప్రభుత్వం బాకీ, అతని బాకీ కాదు. దాన్ని అడగడం బిచ్చమెత్తడం కాదు. అతని మీద ఉన్న బాధ్యత వేరు. తన చదువును ఎవరు మోశారో తెలుసుకోవాలి. వాళ్ళ వంతు వచ్చినప్పుడు తాను మోయాలి.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. కౌన్సెలింగుకు ముందే పిల్లల ఇంటికి వెళ్ళి, కోయలోనో గోండిలోనో లంబాడీలోనో, వాళ్ళ మాటలోనే ఈ లెక్క వేసి చూపండి. అది కన్వీనర్ సీటా, మెస్సు ఎంత, ప్రభుత్వ కాలేజీలో సీటు దొరుకుతుందా అని అడగండి. ములుగులో, విజయనగరంలో ఇప్పుడు కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. అన్నీ చూశాక ప్రైవేటు సీటే మేలనిపిస్తే సంతోషంగా పంపుదాం. ఆ లెక్క వేసేటప్పుడు మాత్రం చెల్లెలిని కూడా పక్కన కూర్చోబెట్టండి.