తోటకు కావలి, తోబుట్టువునకు కావలి

ధ్యానభాగములు: ఆదికాండము 2:15, 4:9



దేవుడు మొదటి మనుష్యుని ఏదెను తోటలో ఉంచినప్పుడు అతనికి రెండు పనులు అప్పగించెను. ఒకటి తోటను సాగుచేయుట, రెండవది దానిని కాపాడుట. ఈ రెండును ఒక్క మనుష్యునికే అప్పగింపబడినవని గమనింపుడు. తినుటకు ఒకడు, కాచుటకు వేరొకడు నియమింపబడలేదు. తినువాడే కాచువాడు. ఈ ఏర్పాటు విడిపోయినచోట తోటయు చెడును, న్యాయమును చెడును.

దీనిని గ్రహించుటకు మనము ఏదెను వరకు పోనక్కరలేదు. మార్కాపురము దాటి దోర్నాల, యర్రగొండపాలెము వైపు పోయిన చాలును. అచ్చట నల్లమల అడవియున్నది. అందులో చెంచువారి గూడెములున్నవి. దుంపలు, పండ్లు, తేనె, జిగురు, వేట వలన వారు తరతరములుగా బ్రదికిరి. కొండచరియలకు పట్టిన తేనెను తీయుటకు చెంచువాడు పైన తాడు పట్టుకొనినవానిని నమ్మి క్రిందికి దిగును. పట్టునంతయు కోసికొనిపోయిన ఆ దినమునకు లాభమే. అయినను కొంత భాగమును ఈగలకు విడుచుట వారి పెద్దల వాడుక. తపసి చెట్టు జిగురు సంగతియు అట్టిదే. గొడ్డలితో లోతుగా నరికిన జిగురు మెండుగా కారును గాని చెట్టు చచ్చును. పలుచగా చెక్కిన గాయము మానును, చెట్టు మరల ఇచ్చును. గూటిలోని పిల్లలను తీసికొనినను తల్లిపక్షిని విడిచిపెట్టవలెనను కట్టడ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. ఆ జ్ఞానమే ఇచ్చటను కనబడుచున్నది గదా!

అయితే తినుచేతిని, కాచుచేతిని మనుష్యులు వేరుచేసిరి. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము వలన అడవులు సర్కారు రిజర్వులాయెను. తాతల నాటినుండి తిరిగిన చోటనే చెంచువాడు అనుమతి అడుగవలసినవాడాయెను. 1983లో నల్లమల పులుల అభయారణ్యమాయెను. పులిని కాపాడుట మంచిపనియే. దానిని ఎవరును తక్కువ చేయరాదు. చెంచు యువకులే అనేకులు అటవీశాఖ శిబిరములలో ఉండి పులులకు కావలి కాయుచున్నారు. కాని పులి కొరకు మనుష్యుని అడవినుండి తీసివేయవచ్చునా అనునదే ప్రశ్న.

చట్టము ప్రకారము వారు ఇష్టపడిననే తరలింపవలెను. తరలిపోవు కుటుంబమునకు ఇచ్చు సొమ్ము 2021లో 15 లక్షల రూపాయలకు పెంచబడెను. మంచి బేరమే అని మనకు తోచును. మొదటి రాజులు 21వ అధ్యాయము తెరచి చూడుడు. అహాబు నాబోతును అడిగిన బేరమును చెడ్డది కాదు. ఇంతకంటె మంచి తోటయైనను, దాని వెలయైనను ఇచ్చెదననెను. నాబోతు తన పితరుల స్వాస్థ్యమని చెప్పి ఒప్పుకొనలేదు. పాపము బేరములో లేదు. కాదన్న మాటను సహింపలేకపోవుటలో ఉన్నది. గూడెమునకు బడి, వైద్యము, త్రోవ లేకుండ చేసి, పిమ్మట ఇష్టమా అని అడిగిన, ఆ ఇష్టము ఇష్టమగునా?

చెంచువారిలోను చెట్లు నరికి అమ్ముకొనువారు లేరా అని కొందరు అడుగుదురు. ఉందురు, వారును ఆదాము సంతతియే. కాని అప్పులవాడు గుమ్మము ముందు నిలిచినప్పుడు పట్టులో కొంత విడుచుట ఎవరికి సాధ్యము? విడుచుటకు ముందు కడుపు నిండవలెను. ఇందుకొరకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి వారి తేనెను, జిగురును కొనసాగెను. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసెను. అడవిలోని చిన్న ఫలసాయము మీద హక్కును, అడవిని కాపాడు అధికారమును అది అడవివాసులకే, వారి గ్రామసభకే ఇచ్చెను. తినుచేయి, కాచుచేయి మరల ఒకటగుటకు ఇది త్రోవ. అయినను చెంచువాడు ఎల్లకాలము అడవిలోనే ఉండవలెనని మనము శాసింపరాదు. అతని బిడ్డ చదువుకొని పట్టణమునకు పోగోరిన పోవచ్చును. ఉండుటయు పోవుటయు వారి చేతిలోనిది.

ఇక మన సంగతి. కయీను తన తమ్మునికి తాను కావలివాడనా అని అడిగెను. హెబ్రీ భాషలో తోటను కాచుటకును, తమ్ముని కాచుటకును వాడిన మాట ఒక్కటే. తోటకు కావలి వేరు, తోబుట్టువునకు కావలి వేరు అని మనము తప్పించుకొనలేము.

కనిగిరివారికి నల్లమలతో ఏమి పని అందురా? గుండ్లకమ్మ ఆ కొండలలో పుట్టి కంభము చెరువును నింపుచున్నది. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ గుండ్లకమ్మలోనే. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన మన ప్రాంతమునకు కృష్ణ నీటిని తెచ్చుటకై వెలిగొండ పథకమున ఆ అడవి క్రిందనే 18.8 కిలోమీటర్ల సొరంగములు తొలిచిరి. కావున మనమును ఆ తోట ఫలము తినువారమే. తినుచు కాయనివారము కాకూడదు.

మనము చేయదగినది చాల ఉన్నది. చెంచు స్త్రీ సంతకు తేనె తెచ్చినప్పుడు సరియైన తూకముతో, తగిన వెలకు కొనుడు. దొంగత్రాసు యెహోవాకు అసహ్యమని సామెతలు 11:1 మనకు నేర్పుచున్నది. వేసవిలో అడవి అంచున నిప్పు పెట్టకుడి, పెట్టువారిని వారింపుడు. వారిని ఏమిరా, ఏమే అని పిలువకుడి. అన్నా, అమ్మా అని పిలువుడు. మన పితరులలో అనేకులు ఊరి వెలుపల నిలువబడి, అట్టి పిలుపుల బాధ ఎరిగినవారే. వారి గూడెమును గూర్చి అధికారులు సభ కూర్చినప్పుడు, వారి తరపున మనము మాటలాడుటకంటె, వారి మాట వినబడునట్లు ప్రక్కన నిలువుడు.

నీ తమ్ముడెక్కడ అను ప్రశ్న మనకును వచ్చును. ఆ దినమున జవాబు చెప్పగలవారమై యుందుము గాక.