మంచు మైదానంలో కర్మయోగం

యుక్కా యాలోనెన్ 1962 నవంబరు 2న దక్షిణ ఫిన్లాండ్‌లోని రీహిమాకి అనే రైల్వే జంక్షన్ పట్టణంలో పుట్టారు. నడక వచ్చిన కొద్దికాలానికే పిల్లలు కాళ్ళకు స్కేట్లు కట్టుకునే దేశం అది. ఆయన కూడా ఐస్ హాకీ ఆడారు గానీ జాతీయ జట్టు గడప తొక్కలేదు. ఆటగాడిగా రాని పేరంతా శిక్షకుడిగా వచ్చింది. అదీ తేలిగ్గా రాలేదు. ఇటలీలోనూ ఇంగ్లండ్‌లోనూ పెద్దగా పేరులేని క్లబ్బుల్లో పనిచేసి, స్వదేశానికి తిరిగివచ్చి, హామెన్‌లిన్నా పట్టణపు జట్టు హెచ్‌పీకేకు 2006లో తొలి జాతీయ టైటిల్ సాధించిపెట్టారు. 2008లో జాతీయ జట్టు బాధ్యత ఆయన చేతికి వచ్చింది.

ఈ ఆటలో శిక్షకుడి స్థానం విచిత్రమైనది. మంచు మీద గోల్‌కీపర్ కాక అయిదుగురు ఉంటారు. ఆ అయిదుగురూ నిమిషం తిరక్కుండానే బెంచీకి వచ్చేస్తారు, ఆట ఆగకుండానే మరో అయిదుగురు దిగుతారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలూ ఇదే వరస. వాళ్ళ వెనుక కోటు తొడిగి టై కట్టుకుని నిలబడ్డ మనిషి కర్ర పట్టకూడదు, మంచు మీదికి దిగకూడదు. ఎవరిని ఎప్పుడు పంపాలో చెప్పడం వరకే ఆయన పని. గోలు పడిందా, తప్పిందా అన్నది మరొకరి మణికట్టులో ఉంటుంది. ఆయుధం పట్టనని మాట ఇచ్చి పగ్గాలు మాత్రం పట్టిన పార్థసారథి మనకు తెలుసు. కర్మ మీదే అధికారం, ఫలం మీద లేదు అన్న గీతాబోధను పుస్తకంలో చదవడం వేరు, వేలమంది అరుస్తుండగా బెంచీ వెనుక రెండున్నర గంటలు పాటించడం వేరు. పోలికను మరీ సాగదీయనక్కర్లేదు. శిక్షకుడు జీతం తీసుకుంటాడు, ఓడితే ఉద్యోగం పోతుంది. అందుకే ఆ చోట నిబ్బరంగా ఉండటం మరింత కష్టం.

ఆ నిబ్బరానికి గట్టి పరీక్ష 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఎదురైంది. సెమీఫైనల్లో అమెరికా మొదటి పదమూడు నిమిషాలు పూర్తి కాకముందే ఆరు గోల్స్ కొట్టింది. ఆట 6–1తో ముగిసింది. ప్రపంచమంతా చూస్తుండగా అంత పరాభవం జరిగాక మర్నాడే కాంస్యం కోసం స్లొవాకియాతో ఆడాలి. ఆ ఆటలోనూ రెండు భాగాలు ముగిసేసరికి ఫిన్లాండ్ 1–3తో వెనుకబడింది. చివరి భాగంలో నాలుగు గోల్స్ కొట్టి 5–3తో గెలిచింది. నిన్నటి ఓటమిని ఈరోజు మోసుకెళ్ళకపోవడం గురించి ప్రవచనాలు చాలా వింటాం. ఇరవై నాలుగు గంటల్లో దాన్ని చేసి చూపిన సందర్భాలు అరుదు.

మరుసటి ఏడాది బ్రాటిస్లావాలో స్వీడన్‌ను 6–1తో ఓడించి ఫిన్లాండ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ దేశానికి అది రెండో టైటిల్, 1995 తరువాత మొదటిది. తరువాత రెండేళ్ళూ నాలుగో స్థానమే. ఈలోగా రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ క్లబ్బు ఎస్‌కేఏ ఆయనను పిలిచింది. డబ్బుకు కొదవలేదు, ఇల్యా కొవాల్చుక్ వంటి తారలున్నారు. అయినా కప్పు రాలేదు, 2014లో ఆ కొలువు పోయింది. రెండేళ్ళు తిరక్కుండానే 2016 జనవరిలో ఫిన్లాండ్ అండర్–20 కుర్రాళ్ళు హెల్సింకిలో ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు శిక్షకుడు మళ్ళీ ఆయనే. 2018లో సీనియర్ జట్టు పగ్గాలు రెండోసారి అందుకున్నారు.

యాలోనెన్ పనితీరు పూర్తిగా కనిపించేది 2019 బ్రాటిస్లావా ప్రపంచ పోటీల్లోనే. ఆ జట్టులో ఉత్తర అమెరికా ఎన్‌హెచ్‌ఎల్ లీగులో నిలదొక్కుకున్నవారు దాదాపు ఎవరూ లేరు. ఎదుటి జట్లు ఆ లీగు ఆటగాళ్ళతో నిండి ఉన్నాయి. జట్టు నాయకుడు మార్కో ఆంటిలా ఎత్తు రెండు మీటర్ల పైనే. అభిమానులు ఆయనను ముద్దుగా బూచాడు అని పిలుస్తారు. అప్పటివరకు అంతర్జాతీయంగా పెద్ద గోల్‌వీరుడేమీ కాదు. అలాంటివాడు క్వార్టర్‌ఫైనల్లో స్వీడన్ మీద చివరి రెండు నిమిషాల్లో స్కోరు సమం చేశాడు. సెమీఫైనల్లో రష్యా మీద 1–0తో గెలిస్తే ఆ ఒక్క గోలూ ఆయనదే. మే 26న ఫైనల్లో కెనడా మొదట గోలు కొడితే, సమం చేసినదీ ఆధిక్యం ఇచ్చినదీ ఆంటిలానే. ఫిన్లాండ్ 3–1తో గెలిచి టైటిల్ అందుకుంది. మర్నాడు ఆయన 34వ పుట్టినరోజు. ఎవరి పని ఏమిటో స్పష్టంగా చెప్పి, ఆ పని చేసినవాడిని నమ్మి, పేరు పెద్దదా చిన్నదా అని చూడకపోవడమే యాలోనెన్ బలం. తనది కాని ధర్మం కంటే తన ధర్మమే మేలన్న మాటకు ఆ జట్టు మంచి ఉదాహరణ.

సమత్వమంటే నోరు మూసుకు కూర్చోవడం అనుకునేవారికి 2022 బీజింగ్ ఒలింపిక్స్ జవాబు. అక్కడ ఇదే ఆంటిలాను కోవిడ్ పేరిట ఏకాంతవాసంలో ఉంచారు. ఆటగాడు ఆరోగ్యంగా ఉన్నాడని తమ వైద్యులు అంటున్నా వదలడం లేదని, సరైన తిండి కూడా అందడం లేదని, ఇది మానవహక్కులను గౌరవించకపోవడమేనని యాలోనెన్ విలేకరుల ముందే అన్నారు. పోటీల మధ్య ఆతిథ్య దేశాన్ని అలా నిలదీసే శిక్షకులు తక్కువ. ఆట విషయంలో మాత్రం పాత నిబ్బరమే. స్వీడన్ మీద 0–3తో వెనుకబడ్డ ఆటను ఓవర్‌టైమ్‌లో 4–3తో గెలిచారు. ఫిబ్రవరి 20న ఫైనల్లో రష్యన్లు ముందు గోలు కొట్టారు. విల్లే పొక్కా సమం చేశాడు. మూడో భాగం మొదలైన 31 సెకన్లకే హన్నెస్ బ్యోర్నినెన్ రెండో గోలు కొట్టాడు. ఐస్ హాకీలో ఫిన్లాండ్‌కు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం.

అదే ఏడాది మేలో సొంతగడ్డ టాంపెరేలో ప్రపంచ టైటిల్ కూడా వచ్చింది. ఫైనల్లో 3–1తో ముందున్న జట్టు ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చుకుంది. ఓవర్‌టైమ్‌లో సకారి మన్నినెన్ కెనడా మీద విజయం సాధించిపెట్టాడు.

శిఖరం మీద ఎవరినీ ఎక్కువకాలం ఉండనివ్వరు. 2023లో అదే టాంపెరేలో క్వార్టర్‌ఫైనల్లోనే కెనడా చేతిలో ఫిన్లాండ్ ఓడింది. 2024లో చెకియాలో మళ్ళీ క్వార్టర్‌ఫైనల్, ఈసారి స్వీడన్ ఓవర్‌టైమ్‌లో 2–1తో గెలిచింది. యాలోనెన్‌కు ఆ పదవిలో అదే ఆఖరి ఆట. జట్టు ఆంటి పెన్నానెన్ చేతికి వెళ్ళింది. మూడు ప్రపంచ టైటిళ్ళు, ఒక ఒలింపిక్ స్వర్ణం ఫిన్లాండ్‌కు సాధించిపెట్టిన శిక్షకుడు ఇంకొకరు లేరు.