చెప్పుకోని నొప్పి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు ఛాతీ పట్టేసినట్టుంటే ముందు వాము నీళ్లు తాగుతారు. "గ్యాసే, తగ్గిపోతుందిలే" అంటారు. తగ్గకపోయినా తగ్గిందనే అంటారు. ఆసుపత్రి గడప తొక్కితే బిడ్డ కూడబెట్టిందంతా ఊడ్చుకుపోతుందని భయం. ఆ మౌనంలోని ప్రేమకు దండం పెడతాను. కానీ ఆ ప్రేమే ప్రాణం మీదికి తెస్తుంది.

భయం ఉత్తిది కాదు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు మెడికేర్, అంటే అక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, లేదు. గ్రీన్‌కార్డు వచ్చి 65 ఏళ్లు నిండినా, అక్కడ ఉద్యోగం చేయనివాళ్లు వరుసగా 5 ఏళ్లు నివసించాకే ప్రీమియం కట్టి చేరగలరు. చూసిపోవడానికి వెళ్లినవాళ్లకు ఇక దిక్కు విజిటర్ ఇన్సూరెన్సే. చవక పాలసీలు చాలావరకు ఒక్కో చికిత్సకు ఇంతని లెక్కగట్టి ఇస్తాయి, మిగతా బిల్లు మనదే. కాస్త ఎక్కువ పెడితే, మన వాటా పోను మిగిలింది ఒక పరిమితి దాకా భరించేవీ ఉన్నాయి. అసలు చిక్కు పాత జబ్బుతో. షుగరు, బీపీ, గుండె జబ్బులకు మామూలు వైద్యాన్ని చాలా పాలసీలు ఒప్పుకోవు. హఠాత్తుగా ముదిరితేనే, అదీ షరతులతో, కొన్ని డబ్బిస్తాయి.

ఈ పాలసీ కాగితం కొడుకు మెయిల్లో పడుంటే చాలదు. పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పాలి: ఏది వస్తుంది, ఏది రాదు, రానిదానికి మనం ఎంత తీసిపెట్టుకున్నాం. ఆ చివరి మాట నోరు తెరిచి చెప్పిన ఇంట్లో తల్లికి నొప్పి దాచుకునే అవసరం తగ్గుతుంది.

ఇంకొకటీ చెప్పాలి. 1986 నాటి చట్టం ప్రకారం అక్కడ దాదాపు ప్రతి ఆసుపత్రి ఎమర్జెన్సీలోనూ డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు తర్వాత వస్తుంది, పెద్దదే వస్తుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులు మాత్రం ఆర్థిక సాయానికి రాతపూర్వకమైన విధానం పెట్టుకోవాలని 2010 చట్టం చెబుతోంది. ఆ దరఖాస్తు అడగడానికి మనవాళ్లు సిగ్గుపడతారు, చేయి చాచినట్టుంటుందని. అది దానం కాదు, చట్టం రాసిపెట్టిన దారి. బిల్లు వచ్చిన వారంలోనే అడగాలి, వివరంగా పద్దులు రాసిమ్మనాలి.

ఒంట్లో బాగా లేని ఏడాది మాత్రం పెద్దవాళ్లను విమానం ఎక్కించకుండా, పిల్లలే సెలవు పెట్టుకుని ఇటు రావడం మంచిదని నాకనిపిస్తుంది. ఇక్కడ వాళ్ల డాక్టరున్నాడు, పాత రిపోర్టులున్నాయి, ఏ నొప్పినైనా వాళ్ల భాషలోనే చెప్పుకోగలరు.